తూకం చీటీ వెనకవైపు



నాంపల్లి స్టేషన్‌లో ఒకప్పుడు బరువు చూసుకునే యంత్రం ఉండేది. ఎర్ర రంగు డబ్బా, ముందు అద్దం, అద్దం వెనక గిరగిరా తిరిగే చక్రం, చుట్టూ మినుకు మినుకుమనే బల్బులు. బిళ్ల వేస్తే లోపల ఎవరో గొంతు సవరించుకున్నట్టు చప్పుడై, చిన్న అట్టముక్క టిక్కెట్టు కింద పడేది. దానికి ఒకవైపు మన బరువు, రెండోవైపు మన గుణం. చిన్నప్పుడు ఊరెళ్లే బండి ఆలస్యమైతే మా తమ్ముడికీ నాకూ అదే కాలక్షేపం. ఒకసారి పది నిమిషాల తేడాతో నేను రెండుసార్లు ఎక్కాను. బరువు రెండుసార్లూ ఒకటే. గుణం మాత్రం మొదటిసారి ఓర్పు గలవాడినని వచ్చింది, రెండోసారి తొందరపాటు మనిషినని వచ్చింది. రెండు బిళ్లలు తగలేశానని నాన్న చేత చీవాట్లు తిన్నాను కాబట్టి, రెండో టిక్కెట్టే నిజమని అప్పట్లో ఒప్పేసుకున్నాను.

పెద్దయ్యాక పంతుళ్లకు పాఠాలు చెప్పే ఉద్యోగం చేశాను. పిల్లవాడికి ఏం వచ్చిందో ఎలా తెలుసుకోవాలి అన్నదే నా సబ్జెక్టు. ఎన్నో పట్టికలు, ఎన్నో రిజిస్టర్లు చూశాను. చూసిన ప్రతిసారీ ఆ టిక్కెట్టు గుర్తొచ్చేది.

ఆబిడ్స్ చౌరస్తాలో నెహ్రూ విగ్రహం దగ్గర బయలుదేరి నాంపల్లి దాకా ఒకసారి నడిచి చూడండి. చాపెల్ రోడ్డులో పదో తరగతి పరీక్షలు నడిపే కార్యాలయం. నాంపల్లిలో ఇంటర్ బోర్డు వారి విద్యా భవన్. ఎం.జె. రోడ్డులో పబ్లిక్ సర్వీస్ కమిషన్ వారి ప్రతిభా భవన్. రాష్ట్రంలో చదువుకున్నవాడి నెత్తిన జీవితాంతం కూర్చునే అంకెల్లో చాలామటుకు ఈ కాస్త దూరంలోనే పుడతాయి. ఆదివారం వెళ్తే ఆ అంకెల పాత బట్టలు కూడా కనిపిస్తాయి. ఆబిడ్స్ ఫుట్‌పాత్ మీద పరిచిన పాత పుస్తకాల్లో సగానికి సగం గైడ్లు, టెస్ట్ పేపర్లు. మొన్న ఒకటి తీసి తిరగేశాను. ఎవరో అమ్మాయి చేతిరాత. పాఠంలో కొన్ని పేరాల పక్కన మూడు చుక్కలు, కొన్నింటి పక్కన రెండు, కొన్నింటి పక్కన పెన్సిలుతో పెద్ద ఇంటూ. ఇంటూ కొట్టినవాటిని మళ్లీ తెరిచిన గుర్తే లేదు. కాగితం అక్కడ కొత్తగా, తెల్లగా ఉంది. ఆ అమ్మాయికి ఎన్ని మార్కులు వచ్చాయో నాకు తెలియదు కానీ, ఏం చదివిందో, ఏం వదిలేసిందో ఆ పుస్తకం మెమో కంటే బాగా చెప్పింది.

మెమో అన్నాను కదా, అక్కడికే వస్తాను. కొన్నేళ్లుగా మన పదో తరగతి మెమోలో సబ్జెక్టుల కింద ఇంకో చిన్న పట్టిక ఉంటోంది. సహపాఠ్య అంశాలు అని నాలుగు. కళలు, పని–కంప్యూటరు, ఆరోగ్యం–వ్యాయామం, వీటితోపాటు విలువల విద్య–జీవన నైపుణ్యాలు. ప్రతిదాని ఎదురుగా ఒక గ్రేడు. లెక్కల్లో ఎంత అన్నది పైన, మనిషి ఎలాంటివాడు అన్నది కింద. నాంపల్లి స్టేషన్ టిక్కెట్టుకు రెండు వైపులు. దీనికి రెండూ ఒకే వైపు, అంతే తేడా.

ఒక బడికి పరిశీలనకు వెళ్లినప్పుడు, ఏ బడో అడక్కండి, ఒక టీచరమ్మ ఈ గడులు నింపుతున్నారు. స్టాఫ్ రూములో టీ చల్లారిపోతోంది. ఆవిడ పెన్ను పైనుంచి కిందికి ఆగకుండా దిగుతోంది. ఏ ప్లస్, ఏ ప్లస్, ఏ ప్లస్. నలభై మందికీ అదే. "అమ్మా, నలభై మందీ అంత మంచివాళ్లా?" అన్నాను. ఆవిడ తల ఎత్తకుండానే, "లేదు సార్, ఇరవై మూడో నంబరు వాడు మొన్న నా స్కూటీ గాలి తీసిండు" అన్నారు. "మరి?" అన్నాను. "లెక్కల్లో తక్కువేస్తే వాళ్ల నాయిన వాడిని కొడ్తడు. విలువల్లో తక్కువేస్తే నా మీదికొస్తడు. మా పోరనికి ఏం విలువ తక్కువైంది చెప్పు అంటే నేనేం చెప్పాలె సార్?"

నిజమే. నాకూ జవాబు తట్టలేదు. ఎందుకు ఆ గడి పెట్టారో తెలుసు, అది నిజంతో ఎందుకు నిండదో ఆ పూటే తెలిసింది.

పాతకాలం వాళ్లకు ఈ మొహమాటం లేదు. 1823లో బళ్లారి కలెక్టరు ఎ.డి. క్యాంబెల్, అంతకు ఏడేళ్ల ముందే తెలుగు వ్యాకరణం రాసి అచ్చువేసిన మనిషి, తన జిల్లా బడుల మీద మద్రాసుకు ఒక నివేదిక పంపాడు. ఇవాళ్టి అనంతపురం కూడా అప్పుడు ఆ జిల్లాలోదే. 533 బడులు లెక్క తేలితే అందులో 226 తెలుగు బడులు. ఆ వీధి బడుల్లో పొద్దున హాజరు ఎలా వేసేవారో ఆయన వివరంగా రాశాడు. అందరికంటే ముందు వచ్చిన పిల్లవాడి అరచేతిలో సరస్వతి పేరు రాసేవారట. రెండోవాడి అరచేతిలో సున్నా. అంటే మెప్పూ లేదు, తప్పూ లేదు. మూడోవాడికి మెల్లగా ఒక దెబ్బ. నాలుగోవాడికి రెండు. ఆ తర్వాత వచ్చినవాడికల్లా ఒక్కొక్కటి పెరుగుతూ పోతుంది.

దెబ్బల సంగతి పక్కన పెట్టండి, నేను వాటిని సమర్థించను. కానీ కొలిచే పద్ధతిగా చూస్తే దీనిలో తెలివి ఉంది. ఏ విలువను కొలుస్తున్నారో అందరికీ తెలుసు, వేళకు రావడం. ఎలా కొలుస్తున్నారో అందరికీ కనిపిస్తుంది. పైగా ఆ గ్రేడు సాయంత్రం చేయి కడుక్కుంటే పోతుంది. రేపు పొద్దున మళ్లీ కొత్త అరచెయ్యి. లామినేషన్ చేయించి బీరువాలో దాచే పని లేదు.

ఆ రెండోవాడి సున్నా దగ్గర నేను చాలాసేపు ఆగిపోయాను. మెప్పూ తప్పూ లేని సున్నా. మన కాలంలో సున్నాకు ఆ నెమ్మదితనం లేదు. 2019 ఏప్రిల్‌లో ఇంటర్ ఫలితాల్లో ఒక అమ్మాయికి తెలుగులో సున్నా పడింది. కాగితం మళ్లీ చూస్తే 99. గడుల్లో ఎక్కడో వేలు జారింది. ఆ వేసవిలో నాంపల్లిలో ఇంటర్ బోర్డు గేటు ముందు తల్లిదండ్రులు నిలబడ్డ తీరు నేను కళ్లారా చూశాను. రాష్ట్రంలో ఇరవై మందికి పైగా పిల్లలు ప్రాణాలు తీసుకున్నారు. ఆ మాట మీద నేను ఇంకేమీ అనను.

మళ్లీ మన విలువల గడి దగ్గరికి, అది ఎలా వచ్చిందో చెబుతాను. విద్యాహక్కు చట్టం 2010 ఏప్రిల్ 1న అమల్లోకి వచ్చింది. నిరంతర సమగ్ర మూల్యాంకనం అన్న మాట అందులోది. టీచర్ల నోట అది సి.సి.ఇ. పిల్లవాడిని ఏడాది చివర మూడు గంటల్లో కాకుండా ఏడాది పొడుగునా చూడాలి, పుస్తకం ఒక్కటే కాకుండా మనిషి మొత్తాన్ని చూడాలి అన్నది ఉద్దేశం. ఉమ్మడి రాష్ట్రంలో 2011లో కొత్త పాఠ్యప్రణాళిక చట్రం వచ్చింది. 2015 మార్చి నుంచి పదో తరగతిలో రాతపరీక్షకు 80, బడిలో వేసే మార్కులకు 20 అయింది. ఆ ఇరవైకి నాలుగు ముక్కలు. తరగతిలో పాల్గొనడం, సొంతంగా రాయడం, ప్రాజెక్టు పని, స్లిప్ టెస్ట్. ఒక్కొక్కదానికి ఐదు.

ఈ పద్ధతిని రాసినవాళ్లు అమాయకులు కారు. నేను శిక్షణ తరగతుల్లో స్వయంగా చెప్పాను, నమ్మే చెప్పాను. మీ ఊరి చెరువు నీళ్లు ఎక్కడికి పోతున్నాయో కనుక్కురా అని ప్రాజెక్టు ఇస్తే, పిల్లవాడు నిజంగా చెరువు గట్టు మీదికి వెళ్లి తూము దగ్గర కూర్చుని ఎవరినో అడిగి రాసుకొస్తే, అంతకంటే మంచి పరీక్ష ఏముంటుంది? మొదటి ఏడాది అలాంటి కాగితాలు కొన్ని వచ్చాయి కూడా. బురద మరకలున్న కాగితాలు. మూడో ఏడాదికి మరకలు పోయాయి. చార్టు పేపర్లు, అచ్చు బొమ్మలు, మెరుపు పెన్నులు వచ్చాయి. స్టేషనరీ దుకాణాలు బాగుపడ్డాయి. ఎలాగూ ఐదు మార్కులు పడే చోట పిల్లవాడు చెరువు దాకా ఎందుకు వెళ్తాడు?

తర్వాత కరోనా వచ్చి ఈ పద్ధతికే పరీక్ష పెట్టింది. 2020 జూన్ 8న తెలంగాణలో పదో తరగతి పరీక్షలు రద్దయ్యాయి. రాతపరీక్ష పూర్తి కాలేదు కాబట్టి బడి వేసిన ఇరవైనే ఐదుతో హెచ్చవేసి వంద చేశారు. మరుసటి ఏడాది పరీక్షే లేదు, బడి వేసిన మార్కులే ఆధారం. 2021లో 5 లక్షల 21 వేల మంది పిల్లల్లో 2 లక్షల 10 వేల మందికి పైగా పదికి పది జి.పి.ఏ. వచ్చింది. అందరూ పరీక్ష హాల్లో కూర్చుని రాసిన 2024లో అదే పదికి పది తెచ్చుకున్నవాళ్లు 9 వేల లోపు. ఈ రెండు అంకెలు పక్కపక్కన పెట్టుకుని చూడండి. పిల్లలు మూడేళ్లలో మొద్దులైపోలేదు. ఆ టీచరమ్మ పెన్ను విలువల గడిలో ఎలా దిగిందో, మిగతా గడుల్లోనూ అలాగే దిగింది. తప్పు పెన్నుది అనను. పక్క బడి ఇరవైకి ఇరవై వేస్తుంటే నా పిల్లవాడికి పద్నాలుగు వేసే ధైర్యం ఎంతమందికి ఉంటుంది? ఆంధ్రప్రదేశ్ 2019లోనే ఆ ఇరవైని తీసేసింది. తెలంగాణ 2024 నవంబరులో తీసేస్తున్నామని చెప్పి, వెంటనే ఆ ఏడాదికి ఆగుదామంది.

అలా అని బడిలో మూల్యాంకనం అంతా దండగ అనుకుంటే అదీ పొరపాటే. చిత్తూరు వైపు, మదనపల్లె దగ్గర రిషి వ్యాలీలో 1980ల చివరి నుంచి రమ, పద్మనాభరావు దంపతులు ఏకోపాధ్యాయ పాఠశాలల కోసం ఒక పద్ధతి తయారుచేశారు. పాఠ్యపుస్తకాన్ని కార్డులుగా విడగొట్టారు. గోడ మీద ఒక నిచ్చెన బొమ్మ. మెట్టు మెట్టుకీ ఒక గుర్తు, ఆ గుర్తున్న కార్డు తీసుకుని పిల్లవాడు పని చేసుకోవాలి. కొన్ని మెట్లు ఎక్కాక ఒక కార్డు తను ఎంత నేర్చాడో చూసుకునేది. అది కూడా మిగతా కార్డుల్లాంటిదే. గంట కొట్టరు, హాల్ టిక్కెట్టు ఉండదు. వస్తే పై మెట్టు, రాకపోతే అక్కడే ఇంకో కార్డు. జ్వరం వచ్చి వారం రానివాడు వదిలిన మెట్టు నుంచే మొదలుపెడతాడు. ఈ నిచ్చెన కర్ణాటకలో నలి–కలి అయింది, 2003 తర్వాత చెన్నై బడులకూ వెళ్లింది. మన పిల్లలకు మన మట్టిలో పుట్టిన కొలత ఇది, మనం దాన్ని తక్కువగా చెప్పుకుంటాం.

ప్రథమ్ సంస్థ 2005 నుంచి పల్లెల్లో చేస్తున్న అసర్ సర్వేది ఇంకా తేలిక దారి. ఒక్క కాగితం. అక్షరాలు, పదాలు, చిన్న పేరా, రెండో తరగతి స్థాయి కథ. వాలంటీరు ఇంటికొచ్చి, అరుగు మీద పిల్లవాడి పక్కన కూర్చుని చదివిస్తాడు. అలాంటి కాగితం ఒకటి పట్టుకుని నేనూ ఒక ఐదో తరగతి పిల్ల పక్కన కూర్చున్నాను. పేరాలో మొదటి మాట చదివింది, రెండోది చదివింది, మూడో మాటలో ఒత్తు దగ్గర ఆగింది. వేలు ఆ ఒత్తు మీదే ఉంది. పెదవులు కదులుతున్నాయి, శబ్దం రావడం లేదు. ఆ అమ్మాయికి ఏం రాదో నాకు ఆ క్షణంలో తెలిసిపోయింది. ఆ అమ్మాయికీ తెలిసింది. అంతకుముందు ఏడాది తెలుగులో ఆమెకు 'ఏ' గ్రేడు ఉన్నట్టు రిజిస్టరులో చూశాను.

ఈ రెండు పద్ధతులకూ ఒక పోలిక ఉంది. రెండింటిలోనూ ఆ అంకె ఎవరికీ సీటు ఇవ్వదు, ఎవరి ఉద్యోగమూ ఊడగొట్టదు. అందుకే అది అబద్ధం చెప్పాల్సిన అవసరం లేదు.

విలువల సంగతి ఇంతకంటే చిక్కు. ఒత్తు దగ్గర ఆగిన వేలు కంటికి కనబడుతుంది. నిజాయితీ దగ్గర ఆగిన మనసు ఎలా కనబడుతుంది? మీకు నిజాయితీ ముఖ్యమా అని ఎవరినడిగినా చాలా ముఖ్యం అంటారు. స్నేహం? చాలా ముఖ్యం. డబ్బు? అది కూడా... అని కాస్త నవ్వి, ముఖ్యమే అంటారు. అలా అడిగితే ఆ టీచరమ్మ గడిలాగే అన్నీ ఏ ప్లస్‌లే. అమెరికాలో మిల్టన్ రోకీచ్ అనే మనస్తత్వ శాస్త్రవేత్త 1973లో అచ్చువేసిన పుస్తకంలో దీనికో ఉపాయం చెప్పాడు. పద్దెనిమిది విలువలు చీటీల మీద రాసి, ఏది ముందో ఏది వెనకో నువ్వే వరసలో అంటించు అనేవాడు. అలాంటి జాబితాలు రెండు. ఒకటి మనిషి చేరుకోవాలనుకునే చోట్లు, స్వేచ్ఛ, మనశ్శాంతి లాంటివి. రెండోది నడిచే తీరు, నిజాయితీ, విధేయత లాంటివి. ఒకటి పైకి రావాలంటే ఇంకోటి కిందికి దిగాలి. అక్కడ మనిషి మొహమాటం విడిచిపెట్టక తప్పదు.

నేను చీటీలు అంటించే ఓపిక లేనివాడిని. మా ఇంట్లో చింతపండు కొట్టే రోజు గింజలు డబ్బాకెత్తి పెట్టే అలవాటు ఉంది, అష్టాచెమ్మా కోసం. వాటితో ఒక పద్ధతి అల్లుకున్నాను. మనిషికి ఇరవై గింజలు, ఐదు సాసర్లు. ఒక్కో సాసర్ కింద ఒక్కో విలువ రాసిన చీటీ. ఎవరి గింజలు వాళ్లు పంచుకోవాలి, ఇరవైకి మించి లేవు. పల్లెల్లో సర్వే చేసేవాళ్లకు గింజలతో లెక్కలు కొత్తేమీ కాదు, కాబట్టి దీన్ని నేను కనిపెట్టానని గొప్పకు పోను. రెండో ఆట మాత్రం నాది. అది ఎలా పుట్టిందో చెబుతాను.

మా మేనల్లుడు తాండూరు నుంచి పొద్దుటి బండికి నాంపల్లిలో దిగి రెడ్ హిల్స్‌లో మా ఇంటికి వచ్చాడు. కూతురు అశోక్‌నగర్ హాస్టల్లో ఉండి గ్రూప్–2కి చదువుతోంది, ఆమె కూడా వచ్చింది. టిఫిన్ల దగ్గర తండ్రీకూతుళ్లు మాట్లాడుకోవడం లేదని మా ఆవిడ కనిపెట్టింది. నేను సాసర్లు తెచ్చాను. సర్కారు ఉద్యోగం, డబ్బు, ఊళ్లో పేరు, నచ్చినట్టు బతకడం, ఇంటివాళ్లకు దగ్గరగా ఉండటం. ఒకరిది ఒకరికి కనబడకుండా మధ్యలో పేపరు నిలబెట్టాను. మేనల్లుడు ధర్మకాంటా దగ్గర లారీ తూచినట్టు చకచకా వేసేశాడు. అమ్మాయి ఒక గింజను మూడుసార్లు తీసి మళ్లీ అక్కడే పెట్టింది.

పేపరు తీశాం. సర్కారు ఉద్యోగం సాసర్లో ఆయనవి ఏడు, ఆమెవీ ఏడు. "ఇగ చూడు మామా, ఇద్దరిదీ ఒక్కటే లెక్క. ఊకె మొహం ముడుచుకుంటది" అన్నాడు వాడు. నాకు ఎందుకో నమ్మకం కుదరలేదు. ఉద్యోగం సాసర్ తీసి పక్కన పెట్టాను. "సర్కారు ఉద్యోగాలు ఇవ్వడం బంద్ చేసిందనుకో. ఈ ఏడు గింజలూ మిగతా నాలుగిట్లో సర్దండి" అన్నాను. మళ్లీ పేపరు నిలబెట్టాను.

తండ్రి ఏడూ ఊళ్లో పేరులో పోశాడు. కూతురు ఏడూ నచ్చినట్టు బతకడంలో పోసింది.

కాసేపు ఎవరూ మాట్లాడలేదు. ఆ తర్వాత మేనల్లుడు, "అంటే ఉద్యోగం వస్తే నువ్వు మా మాట వినవా?" అన్నాడు. అమ్మాయి, "ఉద్యోగం వస్తే మీరు పెళ్లి మాట తియ్యరని చదువుతున్న నాన్నా" అంది. మా ఆవిడ, "ముందు చాయ్ తాగురి" అని ట్రే పెట్టింది. ఆ తర్వాత సంభాషణ వాళ్లది, రేడియోలో చెప్పేది కాదు. గంటన్నర మాట్లాడుకున్నారని మాత్రం చెబుతాను.

ఇందులో ఒక మెలిక శ్రోతలు గమనించే ఉంటారు. ఆయన ఏడూ ఈమె ఏడూ ఒకటే ఏడు కాదు. మార్కుల్లో నా డెబ్బై, నీ డెబ్బై ఒకే రాయితో తూచినవి, కనీసం అలా అనుకుంటాం. గింజల్లో ప్రతివాడికీ మొత్తం ఇరవయ్యే. ఎవరి సాసర్‌ను వాళ్ల ఇంకో సాసర్‌తోనే పోల్చాలి తప్ప, పక్కవాడి సాసర్‌తో పోల్చి నీ కంటే నాకు స్వేచ్ఛ ఎక్కువ ఇష్టం అనడానికి వీల్లేదు. ఇలాంటి కొలతలతో మనిషికీ మనిషికీ పోటీ పెట్టకూడదని మనోవైజ్ఞానికులు ఎప్పటినుంచో హెచ్చరిస్తూనే ఉన్నారు. ఉద్యోగం విలువ ఎలా అవుతుంది అని కూడా వాళ్లు అడుగుతారు. కాదు. అది దారి. దారిని తీసేస్తే ఎవరు ఎటు వెళ్తున్నారో తెలుస్తుందని నా లెక్క. అందుకే మొదటి ఆటలో ఒక దారిని కూడా కలిపి పెడతాను.

ఈ సంగతి అప్పటి ఆ టీచరమ్మకు ఫోనులో చెప్పాను. ఇప్పుడు ఆవిడ హెడ్మాస్టరు. చాలా సంబరపడ్డారు. మా పిల్లలతో చేయిస్తా సార్, తల్లిదండ్రుల్ని కూడా కూర్చోబెడతా అన్నారు. వారం తర్వాత మళ్లీ ఫోను. "సార్, ఒక చిన్న డౌటు. దీన్ని ప్రాజెక్టు కింద రాసుకోవచ్చునా? ఏ సాసర్ల ఎన్ని గింజలుంటే ఏ ప్లస్ వెయ్యాలె?"

రిజిస్టర్లు ఆఫీసుకు పంపేశాక, చివరి పనిదినం మధ్యాహ్నం పెట్టుకోండమ్మా అన్నాను. చింతగింజలు కావాలంటే మా ఇంట్లో ఉన్నాయి.